గుడి నిద్ర

చికాగోకి దూరంగా, మొక్కజొన్న చేలు ఇంకా పూర్తిగా ఇళ్లుగా మారని ఒక ఊళ్లో, కమ్యూనిటీ కాలేజీలో నేను చాలా ఏళ్లు గ్రీకుల చరిత్ర చెప్పాను. చీర కట్టుకున్న మనిషి గ్రీకుల గురించి చెప్పడమేమిటని మొదటి రోజు పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. చూసుకోనీ అనుకునేదాన్ని. వాళ్లకు గ్రీకులంటే తెల్లరాతి విగ్రహాలు, యుద్ధాలు, తత్త్వం. నాకు మాత్రం ఆ మనుషులు జబ్బు చేస్తే ఎక్కడికి వెళ్లేవాళ్లు, చచ్చిపోతే ఎవరు స్నానం చేయించేవాళ్లు, గుమ్మంలోకి వచ్చినవాడికి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లెవరిచ్చేవాళ్లు, ఇవే కావాలి. పరీక్షలో కూడా అవే అడిగేదాన్ని. కష్టమైన టీచరని నాకు పేరు.

ప్రతి సెమిస్టర్‌లోనూ ఒక క్లాసు ఎపిడారస్ గురించి ఉండేది. అక్కడ వాళ్ల వైద్య దేవుడి గుడి. నలుమూలల నుంచీ రోగులు కాలినడకన, గాడిదల మీద, పడవల మీద వచ్చేవాళ్లు. స్నానం చేసి, తీపి రొట్టెలు నైవేద్యం పెట్టి, పొడుగాటి మండపంలో పడుకునేవాళ్లు. ఆ నిద్రలో దేవుడు కలలోకి వచ్చి చేత్తో తాకుతాడని, లేదా ఏం చెయ్యాలో చెప్తాడని నమ్మకం. నయమైనవాళ్లు మట్టితో చేసిన కాలో, చెవో, కన్నో తెచ్చి గుళ్లో సమర్పించుకునేవాళ్లు. ఆ మట్టిచెవుల స్లైడు వేస్తే క్లాసంతా నవ్వేది. నయమైనవాళ్ల కథలు రాతిపలకల మీద చెక్కించి నిలబెట్టేవారు. "మరి నయం కానివాళ్లు?" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగేవాళ్లు. "ఇంటికి వెళ్లిపోయారు" అనేదాన్ని. మళ్లీ నవ్వేవాళ్లు.

ఒకసారి ఆ క్లాసు చెప్పి ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ మా ఆయనతో ఈ సంగతే అన్నాను. ఆయన ఫైర్ సేఫ్టీ ఇంజనీరు. ఎవరింటికి వెళ్లినా ముందు పైకప్పు చూసి, తర్వాత తలుపులు ఎటు తెరుచుకుంటాయో చూసి, అప్పుడు మనుషుల్ని పలకరించేవారు.

"దానికి గ్రీసు దాకా వెళ్లడమెందుకు? నేను పడుకున్నాగా" అన్నారు.

పెళ్లయి అప్పటికే ఎన్నో ఏళ్లు. ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. చిన్నప్పుడు ఆయనకు ఫిట్స్ వచ్చేవట. మందులు వాడారు, తాయెత్తులు కట్టారు, తగ్గలేదు. ఆఖరికి వాళ్లమ్మ ఆయన్ని చంకనేసుకుని గుట్ట మీది నరసింహస్వామి గుడికి తీసుకెళ్లి నిద్ర చేయించిందట. తడిబట్టలతో ప్రదక్షిణాలు, తర్వాత మండపంలో చాప మీద పడక. చుట్టూ అలా వచ్చినవాళ్లే. పిల్లలు లేనివాళ్లు కొందరు, గాలి సోకిందని ఇంట్లోవాళ్లు తెచ్చినవాళ్లు కొందరు. కలలో తడిపంచె కట్టుకున్న మనిషెవరో వచ్చి నోట్లో బెల్లంముక్క పెట్టి "మింగు" అన్నాడట. అంతే, ఫిట్స్ మళ్లీ రాలేదట.

"మీరు నమ్ముతున్నారా?" అన్నాను.

"నమ్మడానికేముంది. తగ్గిందిగా" అని కప్పు కడిగి బోర్లించారు.

అలాగని భక్తుడేమీ కాదు. మా ఊరి దగ్గర తెలుగువాళ్లంతా కలిసి గుడి కట్టుకుంటున్నప్పుడు రాత్రింబగళ్లు ఆ పని మీదే ఉన్నారు గానీ, కట్టాక లోపలికి వెళ్లి కళ్లు మూసుకుని నిలబడింది తక్కువ. దండం పెడుతూ కూడా ఓ కన్ను ఎగ్జిట్ బోర్డు వెలుగుతోందా లేదా అని చూసేది. పోనిద్దురూ, దేవుడు ఎటూ పారిపోడు అని నేను ఏడిపించేదాన్ని.

పోయినేడాది చలికాలంలో ఆయనకు ప్యాంక్రియాస్‌లో క్యాన్సర్ అని తేలింది. చెట్లు చిగుర్లు వేసేసరికి కీమో ఆపేశారు. "ఇక కంఫర్టబుల్‌గా ఉంచుదాం" అన్నాడు డాక్టరు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోయేది. నర్సు అదే మాట, ఆఖరి రోజుల్లో ఇంటికొచ్చి చూసే హాస్పిస్ వాళ్లు అదే మాట. మనిషి పక్క మీద ఒత్తిగిలలేకపోతుంటే అదేం కంఫర్టు? ఆయన మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. ఎంతకాలం అని అడగలేదు, ఇంకేదైనా మందుందా అని అడగలేదు. ఎవరు ఏం చెప్పినా "ఓకే, థాంక్యూ" అనేవారు. నేనూ ఆ మాట ఎత్తలేదు. బతుకుతారా లేదా అన్న ప్రశ్న మా ఇద్దరి మధ్యా అలా ఉండిపోయింది, భోజనాల బల్ల దగ్గర కూడా.

అన్నిటికన్నా పెద్ద బాధ నిద్ర. నొప్పి ఒకవైపు, మందులు ఇంకోవైపు, కన్ను మూతపడేది గానీ నిద్ర పట్టేది కాదు. మా అమ్మాయి రెడ్‌మండ్ నుంచి ఫోన్ చేసి మొదట అదే అడిగేది.

"అమ్మా, నాన్న స్లీప్ అయ్యాడా? పదికి పెయిన్ నంబర్ ఎంత చెప్పాడు?"

"పట్టలేదే తల్లీ. నంబర్ అడిగితే నవ్వుతున్నారు."

"నవ్వితే ఎలా అమ్మా? నర్స్‌కి నంబర్ కావాలి కదా" అని అది ఏడ్చేది.

ఒకరోజు పొద్దున రాగిజావ తాగిస్తుంటే చెంచా పక్కకి తోసి, "నాకోసారి నిద్ర చేయిస్తావా?" అన్నారు.

"మాత్ర వేసుకుంటే కదా పట్టేది."

"ఇంట్లో కాదే. గుళ్లో."

డాక్టర్లని అడగని ప్రశ్న ఆయన అక్కడ అడగాలనుకుంటున్నారు. అన్నేళ్లు ఆ మండపం గురించి, ఆ కలల గురించి బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పిన నాకు, ఆ మండపంలో పడుకున్న ఒక్క మనిషి మొహమైనా ఎలా ఉండేదో ఆ క్షణం దాకా తోచలేదు. "చేయిస్తాను" అన్నాను. ఇంకేం అనగలను?

ఆ వారమే గుడికి వెళ్లాం. అక్కడ వ్యవహారాలు చూసే అబ్బాయి పగలంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు గుడి పని చూస్తాడు. మంచివాడే. నేను విషయం చెప్పగానే ఇబ్బందిగా నవ్వి, చెప్పులు పెట్టుకునే చోట గోడ మీదున్న బోర్డు వైపు చూశాడు. ఆలయంలో నిద్రించరాదు అని తెలుగులో, కింద ఇంగ్లీషులో.

"ఆంటీ, ఇన్సూరెన్స్ ప్రాబ్లమ్ అవుతుంది. ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఒప్పుకోరు. అయినా ఈ రూల్ అంకులే కదా పెట్టించారు."

నిజమే. గుడి కట్టిన కొత్తల్లో దూరాభారం నుంచి వచ్చిన ఒక కుటుంబం కింది హాల్లో పడుకుని, చిన్న స్టవ్ వెలిగించుకుని పాలు కాచుకున్నారు. పొగకి అలారాలు మోగి, ఫైరింజన్లు వచ్చి గోలయింది. ఆ తర్వాత మా ఆయనే కూర్చుని ఈ రూలు రాశారు. బోర్డు ఎంత ఎత్తులో ఉండాలో కూడా కొలిచి మేకు కొట్టించారు. అవన్నీ నాకు తెలుసు. తెలిసినా నోరాగలేదు.

"మనిషి పోతుంటే బోర్డు చూపిస్తావా బాబూ?" అన్నాను.

ఆ మాట బయటికొచ్చాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. అన్ని నెలల్లో మా ఇంట్లో ఎవరూ అనని మాట. ఆ అబ్బాయి తల దించుకున్నాడు. మా ఆయన వీల్‌చెయిర్‌లో కూర్చుని ఆ బోర్డునే చూస్తున్నారు. విననట్టు ఉండటం ఆయనకు చేతకాదు, విన్నట్టు నా వైపు చూడనూ లేదు.

"రూల్ కరెక్టే. పైన మండపంలో స్ప్రింక్లర్లు లేవు. నేనైనా ఒప్పుకోను" అన్నారు.

వెనక్కి తిప్పుకుని వస్తుంటే అర్చకస్వామి పంచె ఎగ్గట్టుకుని కారు దాకా వచ్చారు. గోదావరి వైపు మనిషి, ఏ మాటైనా మెత్తగా అంటారు.

"అమ్మగారూ, మధ్యాహ్నం గుడి మూసేస్తామండి. మళ్లీ సాయంత్రం దాకా ఇక్కడ పిట్ట కూడా ఉండదు. స్వామికి ఎదురుగా కారు పెట్టుకోండి. గోపురం కనపడినంత మేరా గుడే కదండీ. కూర్చున్నవాళ్లకి కునుకు పడితే ఎవరేమంటారండీ?"

"ఇంజన్ ఆపేస్తాం. అద్దాలు దించుకుంటాం" అన్నారు మా ఆయన వెంటనే.

మర్నాడు తలారా స్నానం చేయించమన్నారు. బాత్‌రూమ్‌లో కుర్చీ వేసి కూర్చోబెట్టి నీళ్లు పోశాను. వీపు మీద ఎముకలు చేతికి తగులుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. ప్యాంటు వద్దని పంచె కట్టించుకున్నారు. వద్దంటున్నా వినకుండా కండువా తడిపించుకుని భుజాన వేసుకున్నారు. మేం వెళ్లేసరికి గుడి తలుపులు వేస్తున్నారు. పార్కింగ్‌లో మేపుల్ చెట్టు నీడన, గోపురం ఎదురుగా కారు పెట్టాను. అర్చకస్వామి స్టీలు గ్లాసులో తీర్థం, నాలుగు తులసి ఆకులు తెచ్చిచ్చి వెళ్లిపోయారు. మా ఆయన సీటు బాగా వెనక్కి వాల్చి, నడుం కింద దిండు సర్దాను.

"మీ గ్రీకుల గుళ్లో రూల్స్ ఏమన్నా ఉండేవా?" అని అడిగారు కళ్లు మూసుకుని.

ఉండేవి. ముఖ్యమైన రూలొకటి ఉండేది. ఆ గుడి పొలిమేరలో ఎవరూ పుట్టకూడదు, ఎవరూ పోకూడదు. నయం చేసే దేవుడి దగ్గర చావు కనపడకూడదని. ఇక కష్టమనుకున్న రోగిని పొలిమేర బయటికి మోసుకెళ్లేవాళ్లు. బయట ఎండా వానా అని లేకుండా అలాగే ఉంచేవాళ్లు. చాలా కాలం తర్వాత, రోమన్ల రోజుల్లో, ఎవరో దయతలచి అలాంటివాళ్ల కోసం గుడి బయట ఒక ఇల్లు కట్టించాడు. పురిటి నొప్పుల ఆడవాళ్లు, పోయేవాళ్లు, అందరికీ ఆ ఒక్క ఇల్లే.

"స్నానం చెయ్యాలి. తీపి రొట్టె పెట్టాలి" అన్నాను.

"రెండోది మర్చిపోయాం" అన్నారు.

దూరంగా ఎవరో పచ్చిక కోస్తున్న మిషను చప్పుడు. ఆయన నిద్రపోతే చాలు, కలా వద్దు దేవుడూ వద్దు అని స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. కూర్చున్నదాన్ని అలాగే నిద్రలోకి జారిపోయాను. ఎన్ని నెలల అలసటో ఒక్కసారి మీద పడింది.

మెలకువ వచ్చేసరికి ఎండ తిరిగింది. నా మొహం మీద మాత్రం నీడ ఉంది. చూద్దును కదా, ఆయన సీటు నిటారుగా చేసుకుని, తన కండువాని నా వైపు కిటికీకి అడ్డంగా పట్టుకుని కూర్చున్నారు. ఎంతసేపటి నుంచి అలా పట్టుకున్నారో, కండువా ఆరిపోయింది.

"మీరు పడుకోలేదా? నన్ను లేపకూడదూ?" అని ఏడుపొచ్చేసింది నాకు.

"నువ్వు గురక పెట్టావు. స్వామి కూడా వినే ఉంటాడు."

నిద్ర చెయ్యాల్సిన మనిషి మేలుకున్నారు, తోడొచ్చిన దాన్ని నేను పడి నిద్రపోయాను. నన్ను నేను తిట్టుకుంటుంటే నా చెయ్యి పట్టుకుని ఊరుకోబెట్టారు. ఏదో ఒకటి చెప్పి ఊరడించాలని, "ఎపిడారస్‌లో ఒక తల్లి, కూతురు రాలేని స్థితిలో ఉంటే, కూతురి బదులు తనే వెళ్లి పడుకుంది. తల్లికొచ్చిన కలే ఇంటి దగ్గర కూతురికీ వచ్చిందట, జబ్బు తగ్గిందట. రాతిపలక మీద ఉంది" అన్నాను.

ఆయన మొహం విచ్చుకుంది. "అయితే నీ నిద్ర నాకు చెల్లుతుందన్నమాట. ఏమన్నాడు మరి?"

"ఎవరు?"

గడ్డంతో గోపురం వైపు చూపించారు. అంత ఆశ ఆ మొహంలో నేను అంతకుముందు చూడలేదు. "తడిపంచె కట్టుకున్న మనిషి వచ్చాడు. చేతిలో బెల్లంముక్క పెట్టి, తీసుకెళ్లి ఆయనకు పెట్టు అన్నాడు" అన్నాను గబగబా.

"నా కల నాకే చెప్తున్నావా?" అని చిన్నగా నవ్వారు. "ఇన్నేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదానివి. కాపీ కొడితే నీకు తెలియదూ? అసలుది చెప్పు."

చెప్పనన్నాను. ఏమీ రాలేదన్నాను. ఆయన ఊరుకోలేదు, తొందరపెట్టనూ లేదు. కండువా మడతపెట్టి ఒళ్లో పెట్టుకుని, నేను చెప్పేదాకా కదలనన్నట్టు కూర్చున్నారు. ఆఖరికి చెప్పేశాను.

కలలో నేను ఇండియన్ స్టోర్‌లో ఉన్నాను. బియ్యం బస్తాలుండే వరసలో. ఎప్పుడూ కొనే పెద్ద బస్తాల వైపు వెళ్లలేదు. కింది అరలోంచి చిన్న సంచి ఒకటి తీసి బండిలో పెట్టుకున్నాను. పక్కన ఆయన లేరు. ఎక్కడికెళ్లారని నేను వెతకనూ లేదు. తాపీగా కరివేపాకు ఏరుకుంటున్నాను. ఏడవడం లేదు. మెలకువ వచ్చాక నన్ను భయపెట్టింది అదే, నేను ఏడవకపోవడం.

చెప్పడం అయ్యాక ఆయన మొహం చూడలేక గోపురాన్ని చూస్తూ కూర్చున్నాను. బస్తా ఎప్పుడూ ఆయనే ఎత్తేవారు. భుజాన వేసుకుని గరాజ్‌లోంచి వంటింట్లోకి నడిచొచ్చేవారు, నేను తలుపు పట్టుకునేదాన్ని.

"చిన్నదే కొనుక్కో" అన్నారు. "పెద్దది నువ్వెత్తలేవు."

అంతే అన్నారు. అడగాలనుకున్నది అడిగారు, జవాబు వచ్చింది. నేను స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే వీపు నిమురుతూ ఉన్నారు. కాసేపటికి "పద, ఇంటికి వెళ్లిపోదాం" అన్నారు.

దారిలో ఆయనకు నిద్ర పట్టింది. నోరు కొద్దిగా తెరుచుకుని, తల కిటికీ వైపు వాలి, ఎన్నో వారాల తర్వాత అసలైన నిద్ర. మా సందు వచ్చింది గానీ తిరగలేదు. కారు ఆపితే లేస్తారని భయం. చేల మధ్య రోడ్ల మీద అలా నడుపుతూనే ఉన్నాను. నిద్ర, చావు కవల పిల్లలని గ్రీకుల నమ్మకం. చనిపోయినవాళ్ల కోసం చేసిన కూజాల మీద ఆ ఇద్దరూ రెక్కలతో ఉంటారు, చెరోవైపు వంగి మనిషిని మెల్లగా ఎత్తుతుంటారు. ఆ స్లైడు వేసినప్పుడు క్లాసులో ఎవరూ నవ్వేవాళ్లు కాదు. పెట్రోలు అయిపోవస్తోందని దీపం వెలిగేదాకా తిరిగి, అప్పుడు ఇంటికి తీసుకొచ్చాను.

వేసవి అయ్యేలోపు ఆయన పోయారు. ఇంట్లోనే, అమ్మాయి, నేను దగ్గరుండగా. ఆ రోజు నుంచి పోయేదాకా మళ్లీ గుడి ఊసెత్తలేదు, నొప్పి నంబరు అడిగితే మాత్రం బుద్ధిగా చెప్పారు. ఫ్యూనరల్ హోమ్ వాళ్లు అంతా మేం చూసుకుంటాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. గ్రీకు ఆడవాళ్లు తమ మనిషికి తామే నీళ్లు పోసి, నూనె రాసి, బట్ట కప్పేవాళ్లు. మన ఇళ్లలోనూ అంతేగా. అమ్మాయి, నేను కలిసి తుడిచాం. ఆ పంచే కట్టాం. "నాన్న చల్లగా ఉన్నాడు అమ్మా" అంది అది, చిన్నప్పటి గొంతుతో.

సంవత్సరీకం అయ్యేదాకా నేను గుడి గడప తొక్కకూడదట. నమ్మకం లేనిదానికి ఆ పట్టింపెందుకని అమ్మాయి అడుగుతుంది. ఆయన రూలు ఆయనకే వర్తించినప్పుడు, నా మైల నాకు వర్తించదా? అందుకని లోపలికి వెళ్లను. మధ్యాహ్నం తలుపులు వేసేవేళకి ఆ మేపుల్ చెట్టు కింద కారు పెట్టుకుని కూర్చుంటాను. దేవుడు రానివ్వని వాళ్ల కోసం గుడి బయట కట్టిన ఆ ఇల్లు ఎలా ఉండేదో ఎవరికీ సరిగ్గా తెలియదు. నాకైతే ఈ కారే. అర్చకస్వామి ఒక్కోసారి గ్లాసు పట్టుకుని నా దాకా నడిచొస్తారు. "మీరు రాకూడదు గానీ, నేను రావచ్చండి" అంటారు. తీర్థం తాగి సీటు వాలుస్తాను. నిద్ర పట్టదు. ఆయన కలలోకి రారు.

మొన్న ఇండియన్ స్టోర్‌కి వెళ్లాను. కింది అరలో చిన్న సంచులు వరసగా ఉన్నాయి, కలలో ఉన్నట్టే. వంగాను గానీ చెయ్యి రాలేదు. ఆయన చెప్పారని, ఆ స్వామి చెప్పాడని, నేను వినేయాలా? పెద్ద బస్తాయే కావాలన్నాను. షాపతను మోసుకొచ్చి ట్రంక్‌లో పెట్టి, "ఇంటి దగ్గర దింపడానికి ఎవరైనా ఉన్నారా ఆంటీ?" అని అడిగాడు.

ఉన్నారు అన్నాను.

బస్తా ఇంకా ట్రంక్‌లోనే ఉంది. కదిలించి చూశాను, నా వల్ల కాలేదు. మూతి కత్తిరించి అక్కడే ఉంచాను. రోజూ గ్లాసు పట్టుకుని గరాజ్‌లోకి వెళ్లి, ట్రంక్ తెరిచి, ఒక్క మనిషికి సరిపడా బియ్యం తెచ్చుకుంటున్నాను.